సినిమా చూస్తే ఇంగ్లీషు వస్తుందా?

ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల - ఈ మూడు ఊర్ల హాస్టళ్ళలో ఎక్కడికి పోయినా నన్ను తప్పకుండా అడిగే ప్రశ్న ఒకటుంది. "అన్నా, ఇంగ్లీషు సినిమాలు చూస్తే ఇంగ్లీషు వస్తుందంట, నిజమేనా?" అని. కొందరు వస్తుందంటారు. మరికొందరు అదంతా సినిమా చూడడానికి ఒక సాకు అంటారు. ఇద్దరి మాటలోనూ కొంత నిజముంది. ఊరికే చూస్తే రాదు. తెర కింద ఏ అక్షరాలు పడుతున్నాయి, వాటితో మనం ఏం పని చేస్తున్నాం అన్నదాన్ని బట్టి వస్తుంది. ఆ సంగతిని నాకు తెలిసినంతలో వివరంగా చెప్పాలనే ఈ వ్యాసం రాస్తున్నాను.

ఇది కాలక్షేపం ప్రశ్న కాదు

మా నాన్న పులివెందుల దగ్గర అరటి తోటల్లో కూలికి పోతాడు. మా ఇంట్లో డిగ్రీ పూర్తిచేసిన మొదటి మనిషిని నేనే. జమ్మలమడుగు హాస్టల్లో ఉండి పదో తరగతి, ప్రొద్దుటూరు హాస్టల్లో ఉండి ఇంటర్, డిగ్రీ చదివాను. ఇంటర్ దాకా అంతా తెలుగు మీడియమే. 2021-22 విద్యా సంవత్సరం నుంచి మన రాష్ట్రంలో డిగ్రీ కోర్సులన్నీ ఇంగ్లీషు మీడియంలోకి మారాయి. సరిగ్గా ఆ సంవత్సరమే నేను డిగ్రీలో చేరాను.

నాతోపాటు చేరిన ఒక స్నేహితుడు మొదటి సెమిస్టరు పరీక్షలయ్యాక మళ్ళీ కాలేజీకి రాలేదు. లెక్కల్లో నాకన్నా గట్టివాడు. ఇప్పుడు ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగట్లో పనిచేస్తున్నాడు. "పాఠం అర్థంగాక కాదప్పా, పాఠం చెప్పే మాట అర్థంగాక నిలిచిపోయినా" అంటాడు. ఈ ఒక్క మాట చాలు, భాష మనకు ఎంత అవసరమో చెప్పడానికి. పట్నంలో పిల్లలు డబ్బు కట్టి స్పోకెన్ ఇంగ్లీషు క్లాసులకు పోతారు. మనకు ఉన్నది నలుగురికి ఒక ఫోను, ఆదివారం పూట కొంచెం తీరిక. ఆ రెంటితో ఏం చేయగలమో చూద్దాం.

తెర కింద అక్షరాలు మూడు రకాలు

సినిమాలో మనుషులు మాట్లాడుతుంటే తెర అడుగున వచ్చే అక్షరాలను సబ్ టైటిల్స్ అంటారు. మనం అన్నింటినీ ఒకే పేరుతో పిలుస్తాం గానీ, నేర్చుకునేవాడి దృష్టితో చూస్తే ఇవి మూడు రకాలు.

మొదటిది అనువాదం. మాట ఇంగ్లీషులో వినిపిస్తుంది, అక్షరం తెలుగులో కనిపిస్తుంది. ఇది పద్యానికి తాత్పర్యం లాంటిది. భావం మొత్తం ఒక్కసారి చెప్పేస్తుంది.

రెండవది అదే భాష. మాటా ఇంగ్లీషే, అక్షరమూ ఇంగ్లీషే. ఇది పద్యాన్ని పుస్తకంలో చూస్తూ మాస్టారు చదువుతుంటే వినడం లాంటిది.

మూడవది పదం కింద పదం. ఇంగ్లీషు వాక్యం పైన ఉంటుంది. అందులోని ఒక్కొక్క మాట కింద దాని తెలుగు అర్థం ఉంటుంది. పదో తరగతి తెలుగు పరీక్షలో మనం రాసిన ప్రతిపదార్థం ఇదే.

సినిమాను ఆనందించడానికి మొదటి రకం మంచిది. భాష నేర్చుకోవడానికి మాత్రం అన్నిటికన్నా తక్కువ పనికొచ్చేది అదే. కారణం ఏమిటో ఒక చిన్న వాక్యంతో చెబుతాను.

కన్ను ఒక కొసన, చెవి ఇంకో కొసన

సినిమాలో ఒక పిల్లవాడు పొద్దున నుంచి ఏమీ తినలేదని చెబుతున్నాడనుకోండి. ఇంగ్లీషు వాక్యం, దాని కింద పదాల అర్థాలు ఇట్లా ఉంటాయి.

ఐ - హావెంట్ - ఈటెన్ - సిన్స్ - మార్నింగ్
నేను - లేను - తిని - నుంచి - పొద్దున

ఈ రెండో వరుసను వెనుక నుంచి చదవండి. "పొద్దున నుంచి తిని లేను నేను." అచ్చంగా మన తెలుగు వాక్యమే! అంటే ఇంగ్లీషువాడు ఏ కొసన మొదలుపెడతాడో మనం ఆ కొసన ముగిస్తాం. మనకు క్రియ చివర్లో వస్తుంది, వాళ్ళకు కర్త వెంటనే వస్తుంది. మనం "నుంచి", "లో", "తో" లాంటి వాటిని పదం వెనుక తగిలిస్తే వాళ్ళు పదం ముందు పెడతారు. మన "ఇంట్లో" వాళ్ళకు "లో ఇల్లు" అవుతుంది.

ఇప్పుడు తెర కింద "పొద్దున నుంచి నేనేమీ తినలేదు" అని తెలుగు అనువాదం పడిందనుకోండి. చెవిలో "ఐ" పడే సమయానికి కన్ను "పొద్దున" దగ్గరుంటుంది. చెవికి "మార్నింగ్" అందేసరికి కన్ను "తినలేదు" చదివి ముగించి ఉంటుంది. ఏ శబ్దానికి ఏ అర్థమో ముడి పడదు. పైగా తెలుగులో భావం తెలిసిపోయింది కాబట్టి మనసు ఇంగ్లీషు మాటను వినడమే మానేస్తుంది. రెండు గంటల సినిమా అట్లా చూసి లేస్తే కథ గుర్తుంటుంది, మాట ఒక్కటీ గుర్తుండదు.

తెలుగు అక్షరాలను పట్టించుకోకుండా ఇంగ్లీషు మాత్రమే విందాంలే అనుకున్నా కుదరదు. బెల్జియం దేశంలో ల్యూవెన్ విశ్వవిద్యాలయంలో గెరీ దిదేవల్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త సబ్ టైటిల్స్ చూసేవాళ్ళ కంటి కదలికలను పరిశీలించాడు. తెర కింద అక్షరాలు కనబడితే కళ్ళు వాటంతట అవే అటు పోతాయని తేల్చాడు. సినిమాలోని భాష పూర్తిగా వచ్చినవాళ్ళ కళ్ళు కూడా అంతే. కాబట్టి అక్షరాలు వద్దనుకోవడం మన చేతిలో లేదు. ఏ అక్షరాలు పెట్టుకోవాలన్నది మాత్రం మన చేతిలో ఉంది.

నెదర్లాండ్స్ లో జరిగిన ఒక ప్రయోగం

దీన్ని పరీక్షించి చూసిన వాళ్ళున్నారు. నెదర్లాండ్స్ లోని మాక్స్ ప్లాంక్ భాషా మనస్తత్వ పరిశోధన సంస్థకు చెందిన హోల్గర్ మిటెరర్, జేమ్స్ మెక్వీన్ అనే ఇద్దరు 2009లో తమ ప్రయోగ ఫలితాలను ప్రకటించారు. ఇంగ్లీషు వచ్చిన డచ్చి విద్యార్థులను తీసుకున్నారు. వాళ్ళకు అలవాటు లేని యాసల్లో, అంటే స్కాట్లాండ్ యాసలో, ఆస్ట్రేలియా యాసలో ఉన్న ఇంగ్లీషు చిత్రాలను సుమారు 25 నిమిషాలు చూపించారు. కొందరికి కింద ఇంగ్లీషు అక్షరాలు, కొందరికి డచ్చి అనువాదం, కొందరికి అసలు ఏమీ లేకుండా చూపించారు. తర్వాత ఆ యాసలో మాటలు వినిపించి, విన్నది విన్నట్టు తిరిగి చెప్పమన్నారు.

ఇంగ్లీషు అక్షరాలతో చూసినవాళ్ళు అందరికన్నా బాగా చెప్పారు. తమ సొంత భాష అనువాదంతో చూసినవాళ్ళకు కొత్త మాటలు వినిపించినప్పుడు ఆ అనువాదం సాయం చేయకపోగా అడ్డమే అయ్యింది. కేవలం 25 నిమిషాలకే ఇంత తేడా కనిపించింది.

ఇక్కడ ఒక సంగతి మరువకూడదు. ఆ విద్యార్థులకు ఇంగ్లీషు ముందే వచ్చు. యాస మాత్రమే కొత్త. మనకు మాటే కొత్త. కాబట్టి ఇంగ్లీషు అక్షరాలు పెట్టుకుంటే చాలు, అంతా వచ్చేస్తుందని అనుకోకూడదు. చెవికి అది మొదటి మెట్టు. అర్థానికి ఇంకొక మెట్టు కావాలి. ముందు మొదటి మెట్టు సంగతి ఇంకొంచెం చెప్పి అక్కడికి వస్తాను.

పాట కింద అక్షరం

అదే భాషలో అక్షరాలు వేయాలనే ఆలోచనకు మన దేశంలో పెద్ద చరిత్ర ఉంది. బ్రిజ్ కొఠారీ అనే ఆయన అమెరికాలో కార్నెల్ విశ్వవిద్యాలయంలో చదువుతూ స్పానిష్ భాష నేర్చుకుంటున్నాడు. 1996లో స్నేహితులతో కలిసి ఒక స్పానిష్ సినిమా చూస్తుండగా, కింద ఇంగ్లీషుకు బదులు స్పానిష్ అక్షరాలే ఉంటే ఎంత బాగుండేది, మాటలు పట్టుబడేవి కదా అనిపించింది. ఆ వెంటనే మన హిందీ పాటల కింద హిందీ అక్షరాలు వేస్తే దేశమంతా చదువు నేర్చుకుంటుందని సరదాగా అన్నాడట. తర్వాత ఆ సరదా మాటనే పనిగా పెట్టుకున్నాడు. అహ్మదాబాద్ ఐఐఎం తరఫున 1999లో గుజరాతీ దూరదర్శన్ లో చిత్రగీత్ పాటల కింద గుజరాతీ అక్షరాలు వేయించాడు. 2002లో జాతీయ దూరదర్శన్ చిత్రహార్ కు, ఆ తర్వాత తెలుగుతో సహా మరికొన్ని భాషల పాటల కార్యక్రమాలకు ఇది విస్తరించింది. పాట నోటికి వచ్చిన మనిషి కింద అక్షరం చూస్తే, తెలియకుండానే చదవడం సాధన అవుతుందన్నది ఇందులోని కిటుకు.

చెవికి తెలిసినదాన్ని కంటికి చూపించడం ఎంత అవసరమో నాకు మా పిన్నమ్మను చూస్తే తెలిసింది. మన కడప ప్రాంతం నుంచి కువైట్ కు పోయిన ఇండ్లు మనందరికీ తెలుసు. మా పిన్నమ్మ అక్కడ ఒక ఇంట్లో 11 ఏండ్లు పనిచేసింది. ఆ ఇంటి టీవీలో ఎప్పుడూ ఈజిప్టు సినిమాలు, సీరియల్స్ నడుస్తుంటాయంట. కూరగాయలు తరుగుతూ వింటూ వింటూ అరబ్బీ గలగలా మాట్లాడడం నేర్చుకుంది. బడికి పోని మనిషి పరాయి భాష మాట్లాడుతుంటే నాకు ఎంతో గర్వంగా ఉంటుంది. కానీ ఆమే అంటుంది, "మాట్లాడమంటే ఎంతసేపైనా మాట్లాడతా నాయనా. కాయితం మింద జూస్తే మాత్రం చీమలు బారినట్టుంటాది" అని. తను వేలిముద్ర వేసిన కాగితంలో ఏముందో ఆమెకు ఇప్పటికీ తెలియదు. పదకొండేండ్లు విన్న భాష కింద అక్షరం లేకపోయింది. చెవి నేర్చుకుంది, కన్ను నేర్చుకోలేదు.

మన ఇబ్బంది దీనికి తలకిందులు. మనం ఇంగ్లీషును చిన్నప్పటి నుంచి పుస్తకంలో చూశాం, చెవితో వినలేదు. తెలుగులో రాసినట్టే పలుకుతాం. ఇంగ్లీషులో అట్లా కాదు. "వాట్ ఆర్ యు గోయింగ్ టు డూ" అని పుస్తకంలో ఉన్నది తెర మీద "వాచ గనా డూ" అని వినబడుతుంది. కింద ఇంగ్లీషు అక్షరాలు ఉంటేనే ఈ రెండూ ఒకటేనని తెలుస్తుంది.

ప్రతిపదార్థం మన సొత్తు

ఇక రెండో మెట్టు, అర్థం. తెలియని మాటలు నిండుగా ఉన్న వాక్యం కింద మళ్ళీ అవే ఇంగ్లీషు అక్షరాలు పెడితే ఉపయోగం కొంతే. అక్కడ పదం కింద పదం కావాలి.

పరాయి భాష నేర్చుకోవడానికి ఇది చాలా పాత దారి. ఇంగ్లండులో జాన్ లాక్ అనే తత్త్వవేత్త, పిల్లలకు లాటిన్ నేర్పడానికి ఈసప్ కథలను ఒక వరుస ఇంగ్లీషు, ఒక వరుస లాటిన్ గా కూర్చాడు. ఆ పుస్తకం 1703లో అచ్చయింది. అంతకు ముందునుంచే మన పండితులు సంస్కృత శ్లోకాలకు, తెలుగు కావ్యాలకు టీకలు రాస్తున్నారు. పదాన్ని విడదీయడం, దాని పక్కన అర్థం చెప్పడం, చివర తాత్పర్యం చెప్పడం మనకు తరతరాల అలవాటు.

ఆ టీకల సాయంతో పరాయి భాష నేర్చుకున్న గొప్ప మనిషి మన జిల్లాలోనే ఉన్నాడు. ఆయన సి.పి.బ్రౌన్. 1817లో మద్రాసుకు వచ్చి, 1820లో ఉద్యోగం మీద కడపకు వచ్చాడు. ఆయనకు తెలుగు పరాయి భాష. పద్యాలు వల్లె వేయించే పాఠం ఆయనకు చాలలేదు. కడపలో బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను పెట్టుకుని, తాళపత్రాలు తెప్పించి పాఠాలు సరిచూపించాడు. మనుచరిత్ర, వసుచరిత్ర లాంటి ప్రబంధాలకు జూలూరి అప్పయ్య వంటి పండితుల చేత టీకలు రాయించాడు. వేమన పద్యాలను ఇంగ్లీషు అనువాదంతో 1829లో అచ్చువేయించాడు. ఆయన నిఘంటువు ఈనాటికీ మనం వాడుతున్నాం. కడపలో ఆయన బంగళా ఉన్న చోటే జానమద్ది హనుమచ్ఛాస్త్రి గారి కృషితో గ్రంథాలయం వెలసింది. ఇప్పుడది యోగి వేమన విశ్వవిద్యాలయం కింద బ్రౌన్ భాషా పరిశోధన కేంద్రంగా ఉంది. వీలైతే ఒకసారి పోయి చూడండి.

ఒక ఇంగ్లీషు దొరకు తెలుగు ఏ పద్ధతిలో పట్టుబడిందో అదే పద్ధతిలో మనకు ఇంగ్లీషు పట్టుబడుతుంది. 2020-21 నుంచి మన ప్రభుత్వ బడుల్లో ఒక పుట ఇంగ్లీషు, ఎదురు పుట తెలుగు ఉండే పాఠ్యపుస్తకాలు వచ్చాయి. అవి మంచివే. కానీ ఎదురు పుట కూడా ఒక రకంగా తాత్పర్యమే. ఏ మాటకు ఏ మాటో మనమే విడదీసుకోవాలి. ఆ విడదీసే పనిలోనే భాష వస్తుంది.

మేము చేసిన విధానం

డిగ్రీ రెండో ఏడు ప్రొద్దుటూరు హాస్టల్లో ఆరుగురం కలిసి దీన్ని మొదలుపెట్టాము. ఒక ఫోను, ఒక పొడవాటి నోటుపుస్తకం, అంతే. రోజుకు 3 నిమిషాల సినిమా మాత్రమే. నవ్వకండి. 90 నిమిషాల సినిమా రోజుకు 3 నిమిషాల చొప్పున సరిగ్గా 30 రోజుల్లో పూర్తవుతుంది. ఆ 30 రోజుల పని ఇట్లా ఉంటుంది.

మొదటి విడత: ఆ 3 నిమిషాలు అక్షరాలు లేకుండా చూడాలి. ఎవరికి ఏ మాట వినబడిందో చెప్పాలి. తప్పైనా పరవాలేదు.

రెండో విడత: ఇంగ్లీషు అక్షరాలు పెట్టి, ప్రతి వాక్యం దగ్గర ఆపి, నోటుపుస్తకంలో రాసుకోవాలి. ఒక్కో వాక్యానికి నాలుగు వరుసలు. మొదటి వరుసలో ఇంగ్లీషు వాక్యం. రెండో వరుసలో అది చెవికి ఎట్లా వినబడిందో తెలుగు అక్షరాల్లో. మూడో వరుసలో ప్రతి మాట కింద దాని అర్థం. తెలియకపోతే నిఘంటువు చూడాలి. నాలుగో వరుసలో తాత్పర్యం, మన ఇంట్లో మాట్లాడే తెలుగులోనే.

మూడో విడత: ఇంగ్లీషు అక్షరాలతో మళ్ళీ చూస్తూ, పాత్రతో పాటు గట్టిగా పలకాలి. ఒకరు ఒక పాత్ర, ఇంకొకరు ఇంకో పాత్ర. ఇది బాగా నవ్వు తెప్పిస్తుంది, సిగ్గు పోగొడుతుంది.

నాలుగో విడత: మళ్ళీ అక్షరాలు లేకుండా చూడాలి. మొదటిసారి గజిబిజిగా వినబడింది ఈసారి మాటలుగా విడిపోయి వినబడుతుంది. ఆ తేడా మీకే తెలుస్తుంది.

మొత్తం మీద రోజుకు ముప్పావు గంట పడుతుంది. పదం కింద పదం ఎప్పటికీ ఉంచుకోకూడదు. అది బావి కట్టేటప్పుడు వేసే సారువ లాంటిది, గోడ నిలబడగానే తీసేయాలి. రెండో సినిమాకు వచ్చేసరికి తెలిసిన మాటల కింద అర్థం రాయడం మానేశాము. మూడో సినిమాకు కొత్త మాటలకు మాత్రమే రాసుకున్నాము.

ఏ సినిమాలు చూడాలి?

మొట్టమొదట మూకీ సినిమా చూడమని నా సలహా. చార్లీ చాప్లిన్ తీసిన ది కిడ్ (1921) చాలా మంచిది. సుమారు ఒక గంట సినిమా. మాటలుండవు. మధ్య మధ్యలో చిన్న చిన్న ఇంగ్లీషు వాక్యాలు అట్టల మీద రాసినట్టు వచ్చి పోతాయి. ఎవరూ తొందర పెట్టరు. ఒక బీదవాడు వీధిలో దొరికిన బిడ్డను పెంచుకుంటాడు, అధికారులు వచ్చి ఆ బిడ్డను తీసుకుపోబోతారు. కథ మనకు చెప్పకుండానే అర్థమవుతుంది.

రెండవది, మాట వేరే భాషలో ఉండి కింద ఇంగ్లీషు అక్షరాలుండే సినిమా. ఇరాన్ దర్శకుడు మజీద్ మజీదీ తీసిన చిల్డ్రన్ ఆఫ్ హెవెన్ (1997) పారసీ భాషలో ఉంటుంది. ఒకే జత బూట్లతో అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ బడికి పోయే కథ. ఇది వినడానికి కాదు, వేగంగా చదవడానికి. రెండు వరుసల సబ్ టైటిల్ మామూలుగా ఆరు సెకన్లకు మించి తెర మీద నిలవదు. అంతలో చదవగలిగితే ఇంగ్లీషు మీడియం ప్రశ్నపత్రం చదవడానికి భయముండదు.

మూడవది, ముందే తెలుగులో చూసిన ఇంగ్లీషు సినిమా. లయన్ కింగ్ 2019లో తెలుగులో కూడా వచ్చింది, సింబాకు నటుడు నాని గొంతు ఇచ్చాడు. జంగిల్ బుక్ (2016) కూడా తెలుగులో వచ్చింది. కథ తెలుసు కాబట్టి మనసంతా మాట మీద పెట్టవచ్చు. పేలుళ్ళు, కార్ల పందేలు ఉండే సినిమాల్లో మాటలు తక్కువ, చప్పుడు ఎక్కువ. వాటితో మన పని జరగదు.

ఫోనులో, కంప్యూటరులో ఎట్లా?

యూట్యూబ్ లో వేగాన్ని 0.75కు తగ్గించుకుంటే మాట నిదానంగా వినబడుతుంది. అందులో యంత్రం తనంతట తాను వేసే అక్షరాల్లో తప్పులుంటాయి. మనుషులు రాసి పెట్టిన అక్షరాలున్న వాటినే ఎంచుకోండి.

కాలేజీ కంప్యూటరు దొరికితే ఇంకొక ఉపాయముంది. సబ్ టైటిల్స్ సాధారణంగా ఎస్ఆర్‌టీ అనే చిన్న ఫైలులో ఉంటాయి. దాన్ని నోట్‌ప్యాడ్ లో తెరిస్తే బ్రహ్మ విద్య ఏమీ ఉండదు. వరుస సంఖ్య, ఎన్నో సెకను నుంచి ఎన్నో సెకను వరకు అన్న సమయం, దాని కింద మాట. అంతే. ఆ మాట కింద మనమే ప్రతిపదార్థం టైపు చేసి, యూటీఎఫ్-8 పద్ధతిలో భద్రపరచి, వీఎల్‌సీ ప్లేయర్ లో పెడితే తెర మీద మన తెలుగు పదాలు పడతాయి. ఒకరు చేసిన పని హాస్టల్లో అందరికీ పనికొస్తుంది. మన మూడు ఊర్ల హాస్టళ్ళు తలా ఒక 20 నిమిషాలు పంచుకుంటే ఒక గంట సినిమా పూర్తవుతుంది. ఈ పని మీద నాకు పెద్ద ఆశ ఉంది.

దీనితో రానివి

ఈ పద్ధతికి హద్దులున్నాయి. కొన్ని మాటలు విడదీస్తే అర్థం చెడిపోతుంది. "గివ్" అంటే ఇవ్వు, "అప్" అంటే పైకి. రెండూ కలిస్తే "పైకి ఇవ్వు" కాదు, "వదిలిపెట్టు" అని. మనం "చేతులెత్తేశాడు" అంటే నిజంగా చేతులు పైకెత్తాడని కాదు కదా. ఇవి వాళ్ళ జాతీయాలు. వీటిని విడదీయకుండా ఒకే ముక్కగా గీత గీసి రాసుకోవాలి.

సినిమా మాట వేరు, పరీక్షలో రాసే మాట వేరు. సినిమా చూసినందుకు భౌతికశాస్త్రం రాదు. పాఠ్యపుస్తకం చదవాల్సిందే, వ్యాసాలు రాసి దిద్దించుకోవాల్సిందే. అయితే ఆరునెలల తర్వాత మాలో ఆరుగురికీ వచ్చిన మార్పు ఒకటుంది. క్లాసులో లెక్చరర్ మాట్లాడుతుంటే అది ఒకటే మోతగా కాకుండా మాటలు మాటలుగా వినబడసాగింది. ఏ మాట తెలియలేదో తెలిసింది. తెలియని మాట ఏదో తెలిస్తే చెయ్యెత్తి అడగవచ్చు. అంతకు ముందు ఏం అడగాలో కూడా తెలిసేది కాదు.

తెలుగు మీడియం తక్కువ కాదు

చివరగా ఒక్క మాట. తెలుగు మీడియం కాబట్టి ఇంగ్లీషు రాదని చాలామంది మనకు చెబుతుంటారు, మనమూ నమ్ముతాం. ప్రొద్దుటూరు అగస్త్యేశ్వర స్వామి గుడిలో కూర్చుని శివతాండవం రాసిన పుట్టపర్తి నారాయణాచార్యుల వారికి 14 భాషలు వచ్చని చెబుతారు. ఆయన మన సీమలో పుట్టి, మన ఊర్లలో పాఠాలు చెప్పి, మన వీధుల్లో నడిచిన మనిషి. ఒక భాష బాగా వచ్చినవాడికి ఇంకో భాష అడ్డం కాదని చెప్పడానికి ఆయనే సాక్ష్యం.

మాట కింద అర్థం రాయాలంటే ముందు ఆ అర్థం మన భాషలో మనకు గట్టిగా తెలిసి ఉండాలి. అన్వయం చేయడం, పదం విడదీయడం, తాత్పర్యం రాయడం మనకు తెలుగు మాస్టార్లు నేర్పిన విద్య. అది మన చేతిలో ఉన్న పనిముట్టు. దాన్ని మూల పడేసి, తెలుగు రాయడానికి సిగ్గుపడి, అర్థంగాని సినిమా ముందు రెండు గంటలు కూర్చుంటే రెండూ పోతాయి.

ఈ వార్షికోత్సవం సందడి అయిపోయాక నలుగురు కలిసి ఒక నోటుపుస్తకం కొనండి. మూడు నిమిషాల సినిమా ఎంచుకోండి. మొదటి వాక్యం కింద మొదటి తెలుగు పదం రాయండి. ఎక్కడైనా ఆగిపోతే సెలవుల్లో నేను హాస్టలుకు వచ్చినప్పుడు ఆ పుస్తకం తెచ్చి చూపించండి, కలిసి కూర్చుని విడదీద్దాం. డిగ్రీలో చేరబోయే మన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఒక్కరు కూడా మాట అర్థంగాక నిలిచిపోకూడదని మనసారా కోరుకుంటూ సెలవు తీసుకుంటున్నాను.

- హాస్టల్ పూర్వ విద్యార్థి, ఎం.ఏ. ద్వితీయ సంవత్సరం